కేసుకు చేరని అక్షరములు

హైదరాబాదునుండి నాగపూరునకు పోవు జాతీయ రహదారి మీద, మేడ్చలు దాటి, కాళ్లకల్లు, మనోహరాబాదుల కార్ఖానాలను వెనుక విడిచి, మొత్తము సుమారు యాభై కిలోమీటర్లు ప్రయాణించిన పిదప వచ్చు తూప్రాను పట్టణమునందు, పెండ్లిండ్ల ఋతువు సమీపించినదన్న సంగతి ముందుగా తెలియునది ముహూర్తములు పెట్టు పురోహితునికి కాదు, శుభలేఖలు అచ్చువేయు ప్రెస్సు యజమానికి. మొన్నటి శ్రావణమున మా మేనకోడలి పెండ్లి పత్రిక వేయించుటకై నేనును అట్టి యొక ప్రెస్సు మెట్లు ఎక్కితిని. ప్రెస్సు అన్నది గౌరవమునకు అన్నమాటయే. రెండు కంప్యూటర్లు, ఒక రంగుల ప్రింటరు, ఒక జిరాక్సు యంత్రము, లామినేషను పెట్టె, గోడకు ఆనించిన ఫ్లెక్సీ చుట్టలు, పెద్ద పనియైనచో ప్లేటు వేయించుటకు హైదరాబాదునకు పంపు ఏర్పాటు, ఇంతియే ఆ షట్టరు గదిలోని సరంజామా. కంప్యూటరు ముందున్న కుర్రవాడు "ఇంటిపేరు చెప్పుండ్రి సార్" అని, నేను చెప్పిన అక్షరములను వెదకుడు గడిలో కొట్టగా, శుభలేఖల నమూనాలకు బదులు, నాలుగేండ్ల క్రిందట నేను జిరాక్సు కొరకు వాట్సాపులో పంపిన నా ఆధారు కార్డు తెరమీద ప్రత్యక్షమైనది. దాని ప్రక్కనే, అదే ఇంటిపేరు గల మరొక గృహస్థుని పట్టాదారు పాసుపుస్తకము, ఆయన కుమార్తె పదవ తరగతి మెమో, బ్యాంకు ఖాతా పుస్తకపు మొదటి పుట.

నేను నిర్విణ్ణుడనై చూచుచుండగా ఆ కుర్రవాడు మాత్రము సంతోషముతో, "మేం ఏదీ తీసెయ్యం సార్, ఎప్పుడన్న మీకే పనికొస్తది గద" అనెను. ఆ మాటలో కపటము లేదు. వచ్చినవాని కాగితమును పారవేయక దాచిపెట్టుట తన వృత్తిధర్మమని అతడు నిజముగా నమ్మియున్నాడు. కోపగించుకొనుటకు నాకు నోరు రాలేదు.

ఇంటికి వచ్చు దారిలో నాకు చిన్ననాడు మా బంధువుల అచ్చాపీసులో చూచిన ఒక వృద్ధ కంపోజిటరు జ్ఞప్తికి వచ్చెను. సీసపు అక్షరములను ఒక్కొక్కటిగా ఏరి స్టిక్కులో పేర్చి, పంక్తులను గ్యాలీకి ఎక్కించి, ప్రూఫు తీసి, దిద్దుబాట్లు ముగించి, ఫారము బిగించి ట్రెడిలు మీదికి పంపుటతో అతని పని ముగిసెడిది కాదు. అచ్చు పూర్తియైన తరువాత ఆ ఫారమును కిరోసిను గుడ్డతో తుడిచి, కట్టు విప్పి, పంక్తి వెంట పంక్తిని చేతిలోనికి తీసికొని, తిరగబడియున్న మాటలను పెదవి కదల్పక చదువుకొనుచు, ఏ అక్షరమును ఆ గడిలోనికి, ఏ ఒత్తును ఆ ఒత్తు గడిలోనికి, విత్తనములు వేసినట్లు జారవిడుచుచుండెడివాడు. ఆ గడుల పెట్టెను కేసు అనిరి. ఆ పనిని డిస్ట్రిబ్యూషను అనిరి. నిన్న పెండ్లికూతురి పేరైన అక్షరములు నేడు విడివడి, రేపు సహకార సంఘము నోటీసులో చేరుటకు సిద్ధమై, తాము ఎవరి పేరుగా నిలిచితిమో సంపూర్ణముగా మరచిపోయి, గడిలో పడియుండెడివి.

ఇందు ఆ కాలపువారి నీతిని పొగడవలసినది ఏమియు లేదు. అది వారి దారిద్ర్యము చేయించిన పని. సీసము ఖరీదైనది, తెలుగులిపికి గుణింతములు, ఒత్తులు, సంయుక్తములు కలసి వందల కొలది వేర్వేరు దిమ్మెలు కావలెను, చిన్న అచ్చుకూటమున ఎనిమిది పుటలు కూర్చునప్పటికే గడులు ఖాళీయగును గనుక, ఈ ఎనిమిది పుటలను విప్పినగాని వచ్చు ఎనిమిది పుటలను పేర్చుటకు వీలులేదు. మాటిమాటికి వచ్చు లెటరుహెడ్డులను, బిల్లుపుస్తకముల శీర్షికలను మాత్రము విప్పక, స్టాండింగు మాటరు అని త్రాడుకట్టి బల్లమీద నుంచెడివారు. అనగా, ఏది ఉంచవలెను, ఏది విప్పవలెను అను విచారణ ప్రతి సాయంకాలమును, ఎవరును బోధింపకయే, ఆ గదిలో జరుగుచుండెడిది. నేడు డిస్కులో చోటు ఉప్పుకన్న చవుకయైనది. విప్పవలసిన అవసరము తీరినది. అక్షరములు కేసులలోనికి తిరిగి పోవుట మానినవి. అందుచేతనే కాబోలు, అవి అప్పుడప్పుడు మనలను కేసులలోనికి ఈడ్చుచున్నవి.

ఈ మధ్య వాణిజ్యప్రపంచమున ఒక క్రొత్త త్రాసు బయలుదేరినది. సంస్థల సైబరు భద్రతను బయటినుండియే పరీక్షించి మార్కులు వేయు కంపెనీలు అమెరికాలో వెలసినవి. బిట్‌సైట్ అను సంస్థ 250 మొదలుకొని 900 వరకు అంకెలు వేయును. సెక్యూరిటీ స్కోర్‌కార్డ్ అనునది బడిపిల్లల ప్రోగ్రెసు కార్డువలె ఏ, బీ, సీ, డీ, ఎఫ్ అని అక్షరములిచ్చును. పరీక్షింపబడు సంస్థ అనుమతితో పనిలేకయే, ఇంటర్నెట్టు వైపునకు దాని ద్వారములెన్ని తెరచియున్నవి, ధ్రువపత్రములలో గడువు తీరినవెన్ని, సాఫ్టువేరు ఎంత పాతబడినది, ఉద్యోగుల పాస్‌వర్డులు దొంగల సంతలో దొరకుచున్నవా లేవా అని చూచి వారు లెక్క తేల్చుదురు. పెద్ద కొనుగోలుదారులును, బీమా కంపెనీలును ఈ మార్కుల జాబితాను ముందుంచుకొని, ఏ ముద్రణసంస్థ పదిలము, ఏది అపాయకరము అని పోల్చిచూచుచున్నారు. ఇది నిష్ప్రయోజనమని నేననను. రాత్రివేళ వీధిలో నడచుచు ఏ ఇంటి తలుపు వేసియున్నది, ఏ ఇంటి తలుపు వేయలేదు అని చెప్పగలవాని సాక్ష్యమునకు విలువ కలదు. అయితే ఆ ఇంటిలోపల బియ్యపు బస్తాలున్నవో, ఊరివారందరి నగలున్నవో అతడు చెప్పలేడు. తూప్రానులోని ఆ షట్టరు గదికి వెబ్‌సైటు లేదు, సర్వరు లేదు. కనుక దానికి మార్కులే లేవు. మార్కులు లేనివాడు తప్పనివాడు కాడు, పరీక్షకు కూర్చుండనివాడు.

ముద్రణసంస్థలను పోల్చువారికి నేను సూచించు ప్రశ్నలు రెండు, అవి రెండును సీసపు అక్షరముల కాలమునాటివి. పని ముగిసిన పిదప విప్పవలసినదానిని విప్పినాడా? ఉంచవలసినదానిని వేరొక చోట ఉంచినాడా? యంత్రముల విలువయు, గదుల వైశాల్యమును, ఉద్యోగుల సంఖ్యయు, ఈ రెంటి తరువాతనే అడుగవలెను.

ముద్రణశాలకు కలుగు హాని రెండు తెరగుల నుండును. యంత్రము ఆగిపోవుట ఒకటి, సమాచారము బయటికి పొక్కుట రెండవది. మొదటిదానికి గగ్గోలు ఎక్కువ. 2018 డిసెంబరు చివరి వారమున అమెరికాలో ట్రిబ్యూన్ పబ్లిషింగ్ సంస్థ కంప్యూటర్లను ర్యూక్ అను బందిపోటు సాఫ్టువేరు పట్టుకొనగా, లాస్ ఏంజిలిస్ ముద్రణాలయమునందు అచ్చగు పత్రికలు శనివారమునాడు పాఠకుల గడపలకు ఆలస్యముగా చేరినవి. 2020 డిసెంబరులో, క్రిస్మసు ముంగిట, జర్మనీలోని ఫుంకె పత్రికాసంస్థకు అదే గతి పట్టి, దాని దినపత్రికలు కొన్నాళ్లు కురుచబడిన అత్యవసర సంచికలతో కాలక్షేపము చేసినవి. 2025 ఫిబ్రవరిలో అమెరికాలోని లీ ఎంటర్‌ప్రైజెస్ పత్రికలలో పెక్కింటికి అచ్చు కుంటువడినది. కాని యీ గాయములు మానునట్టివి. పత్రిక ఒకనాడు రాకపోయిన మరునాడు వచ్చును. పాఠకుడు విసుగుకొని క్షమించును.

రెండవ తెరగు హాని యందు గగ్గోలు తక్కువ, మానుట లేదు. మన బ్యాంకు మనకు పంపు స్టేట్‌మెంటును, బీమా కంపెనీ పంపు ఉత్తరమును ఆయా సంస్థలే అచ్చువేయుచున్నవని మనము తలచుచుందుము. అనేక దేశములందు ఆ పని బయటి ముద్రణసంస్థల చేతిలో నున్నది. బ్యాంకు చుట్టు ఏడు ప్రాకారములు కట్టి, లోపలి ధనాగారపు జాబితాను మాత్రము ప్రతి నెలయు ప్రాకారము వెలుపలనున్న అచ్చుకూటమునకు పంపుట యన్నమాట. 2021 డిసెంబరులో, ప్రపంచపు మహా ముద్రణసంస్థలలో నొకటియైన ఆర్.ఆర్. డొనెల్లీ యంతటిది చొరబాటునకు లోనైనట్లు తానే ప్రకటించుకొనెను. మరుసటి యేడు విస్కాన్సిన్ రాష్ట్రపు వన్‌టచ్‌పాయింట్ అను ముద్రణ, తపాలా సంస్థ చిక్కుపడగా, దానికి పని యిచ్చిన ఆరోగ్యబీమా సంస్థలు ముప్పదికి పైగా, ఆ సంస్థలను నమ్మిన రోగులు ఇరువది లక్షలకు పైగా, ఆ పేరునే ఎన్నడును వినియుండని జనులు, దాని మూలమున బాధితులైరి. 2025 ఏప్రిలులో సింగపూరునందు టాపన్ నెక్స్ట్ టెక్ అను ముద్రణసంస్థ మీద దాడి జరుగగా, డీబీఎస్ బ్యాంకు తన ఖాతాదారులలో దాదాపు 8,200 మంది స్టేట్‌మెంట్లు పొక్కియుండవచ్చునని చెప్పవలసివచ్చెను. తన వ్యవస్థలకు ఏమియు కాలేదని కూడ ఆ బ్యాంకు చెప్పెను, అది సత్యమే, ఖాతాదారునికి దానితో కలిగిన ఊరట ఎంతయో నాకు తెలియదు.

వీనియన్నిటిలోను నన్ను నిలిపివేసినది జపానునందలి క్యోటో నగరపు ఇసెటో సంస్థ వృత్తాంతము. పురపాలకసంఘములకు, బ్యాంకులకు, పన్నుల నోటీసులు మొదలగు పత్రములు అచ్చువేసి పంపు ఈ సంస్థ 2024 మే నెలలో దాడికి గురియైనది. దొంగలు లోపలికి వచ్చిన త్రోవను గూర్చి నిపుణులు చెప్పు మాటలు నిపుణులకే కావలెను. మనకు కావలసినది ఆ తరువాత తేలిన సంగతి: పని ముగిసిన వెంటనే తుడిచివేయవలసిన సమాచారము తుడిచివేయబడక, ఉండకూడని సర్వరులో ఉన్నది. తోకుషిమా ప్రాంతపు వాహనపు పన్ను చెల్లింపుదారుల వివరములు అందులో కలవు. తుడిచితిమి అని కాగితము మీద వ్రాసి యిచ్చుట జరిగినది, తుడుచుట జరుగలేదు. కంపోజిటరు ఫారమును విప్పక బల్లక్రింద దాచి, విప్పితినని యజమానితో చెప్పిన రీతి యిది. దొంగ వచ్చుట దురదృష్టము. దొంగకు దొరకుటకు అక్కడ ఏదో యుండుట మాత్రము దురదృష్టము కాదు.

మన యింటి సంగతికి వత్తము. 2016 జూలై 9న తెలంగాణమున వైద్యవిద్యా ప్రవేశముల కొరకు ఎంసెట్-2 జరిగినది. ప్రశ్నపత్రము ఢిల్లీలోని ముద్రణాలయమునుండి బయటికి వచ్చినదని, దళారులు కొందరు విద్యార్థులను పరరాష్ట్రపు నగరములకు కొనిపోయి ఆ ప్రశ్నలను ముందే వల్లె వేయించిరని సీఐడీ దర్యాప్తులో తేలినట్లు ప్రకటింపగా, ప్రభుత్వము ఆ పరీక్షను రద్దుచేసెను. సెప్టెంబరు 11న ఎంసెట్-3 అనునది మరల వ్రాయవలసివచ్చెను. దాదాపు యాభైవేల మంది పిల్లలు, వారి వెనుక వారి తల్లిదండ్రులు, ఒక అచ్చుకూటపు గోడ చిల్లి మూలమున ఒక వర్షాకాలమంతయు నిద్ర లేక గడిపిరి. ఏడేండ్లు తిరుగకమునుపే, 2023 మార్చిలో, రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషనునందు మరియొక చిల్లి కనబడినది. ఈ పర్యాయము ముద్రణాలయము వరకు పోవలసిన పనియే లేకపోయినది. కమిషను కార్యాలయముననే, రహస్యవిభాగపు కంప్యూటరులోని ప్రశ్నపత్రములు పెన్‌డ్రైవు లోనికి ఎక్కినవని దర్యాప్తు చేసిన సిట్ చెప్పెను. 2022 అక్టోబరు 16న రెండు లక్షల ఎనుబదివేలకు పైగా అభ్యర్థులు వ్రాసిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష రద్దయినది. దానితో పాటు మరి కొన్నియు రద్దయినవి.

ఈ రెండు ఘటనలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినవానికి ఒక భేదము స్ఫురింపక మానదు. నోట్లు, స్టాంపులు అచ్చువేయు రహస్య ముద్రణాలయములలో ఒక కఠిన నియమము కలదు: లోపలికి వచ్చిన తెల్లకాగితములెన్నియో, బయటికి పోయిన అచ్చుకాగితములును చెడిపోయిన కాగితములును కలసి అన్నియే కావలెను. హైదరాబాదునందు 1982లో స్థాపింపబడిన భారతప్రభుత్వపు సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్సు వంటి చోట్ల చెడిన కాగితమునకు గూడ మంచి కాగితమునకున్నంత మర్యాద నడచును. ఒక్క కాగితము తగ్గినను ఎవడో తీసినాడని తెలియును. ఫైలు విషయమున ఈ లెక్క పనికిరాదు. దొంగిలింపబడిన ఫైలు ఉన్నచోటనే ఉండును, లెక్క సరిపోవును, తాళము తాళము వలెనే, సీలు సీలు వలెనే యుండును. కమిషను కంప్యూటరునుండి పత్రములు పోయిన తరువాత నెలల తరబడి ఎవరికిని అనుమానము రాకపోవుటకు కారణమిదియే. కాపలాదారుని ద్వారమున నిలిపి, గోడలకు కెమెరాలు బిగించి, పరీక్షాపత్రములకు పూర్తి రక్షణ కల్పించితిమని చెప్పు అధికారులు కాగితపు దొంగను పట్టుటకు సిద్ధపడినవారు.

ఇట్లు పోల్చుకొనుచు పోయినచో పెద్దచిన్నల వరుస తారుమారగును. మనోహరాబాదు, కాళ్లకల్లు కార్ఖానాలనుండి వెలువడు పిండి సంచులకు, బిస్కత్తు పొట్లములకు రంగురంగుల చుట్టలు అచ్చువేయు ప్యాకేజింగు ముద్రణను తీసికొనుడు: కోట్ల ఖరీదు యంత్రములు, ఒక గంట ఆగిన భారీ నష్టము. కాని దాని కంప్యూటరులో నుండునది పొట్లము బొమ్మ. అది దేశములోని ప్రతి కిరాణా కొట్టులోను బహిరంగముగా వ్రేలాడుచునే యున్నది. దాని అపాయము దానిదే, ఎక్కువగా దాని బీమావానిదే. తూప్రాను షట్టరు గదిలోని రెండు కంప్యూటర్ల ఖరీదు ఆ యంత్రపు ఒక రోలరు ఖరీదుకు చాలదు. కాని అందులో ఒక మండలములోని జనుల ఆధారులు, పాసుపుస్తకములు, కులధ్రువీకరణ పత్రములు, వ్రేలిముద్రలు వేసిన అఫిడవిట్లు కలవు. సంఖ్యలో సింగపూరు ముందు అల్పమే. మనిషికి మనిషిని పోల్చిన, ఆ చిన్నగది చేసెడి హానియే లోతైనది. స్టేట్‌మెంటు పొక్కిన సింగపూరు పౌరునికి బ్యాంకు ఫోను చేసి క్షమాపణ చెప్పును. భూమి కాగితము పొక్కిన రైతునకు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున మాత్రమే సంగతి తెలియును.

ఆ కంప్యూటర్లు ఏల అంత పాతవి యను ప్రశ్నకు కారణము పిసినారితనము మాత్రమే యని అనుకొనుట అన్యాయము. తెలుగు డీటీపీ వృత్తి యావత్తు చాలకాలము పేజ్‌మేకరు సాఫ్టువేరు మీదను, ‘అను’ అనెడి ఫాంట్ల మీదను నిలిచినది. పేజ్‌మేకరు చివరి కూర్పు 2001లో వచ్చినది. ఆ తరువాత దానిని చేసినవారే దానిని విడిచిరి. యూనికోడునకు పూర్వపు ఆ ఖతులలో పాతికేండ్ల పని పేరుకొనియున్నది: కవుల సంపుటములు, దేవాలయ మాహాత్మ్యములు, బిల్లుపుస్తకములు, వేలాది శుభలేఖలు. క్రొత్త విండోసు వేసిన పేజ్‌మేకరు మొరాయించును, ఒత్తులు ఎగిరిపోవును. కనుక ఆపరేటరు పాత విండోసునే అంటిపెట్టుకొనియుండును. విండోస్ ఎక్స్‌పీకి మరమ్మతులు 2014 ఏప్రిలులో నిలిచిపోయినవి, విండోస్ 7నకు 2020 జనవరిలో. అనగా మన ఒత్తుల మీది మమకారమునకు మనము చెల్లించు వెల, తాళము పాడైన తలుపు. దానికి తోడు, బజారులో దొరకు దొంగ కోరల్‌డ్రా, దానిని తెరచుటకు ఎవడో ఊరుపేరులేనివాడు తయారుచేసిన క్రాకు, ఊరిలోని అన్ని ప్రెస్సులను, అన్ని కార్యాలయములను తిరిగి వచ్చు పెన్‌డ్రైవు. 2017 మే 12న వాన్నాక్రై అను బందిపోటు సాఫ్టువేరు నూట యాభై దేశములను చుట్టుముట్టినపుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లే నూరు దాక తాళము పడినవి. దాని విరుగుడు అంతకు రెండు నెలల ముందే ఉచితముగా వచ్చియుండెను. పోలీసుస్టేషనుకే లేని జాగ్రత్త శుభలేఖల దుకాణమునకు ఎట్లు లేదని గద్దించుటకు మనకు మొగము చెల్లదు.

బందిపోటు సాఫ్టువేరు మాట వచ్చినది గనుక, ఉంచవలసినదానిని వేరొక చోట ఉంచినాడా అను నా రెండవ ప్రశ్నకు వత్తును. 1812 మార్చి 11వ తేదీ సాయంకాలమున వంగదేశములోని శ్రీరాంపురపు మిషను ముద్రణాలయమునకు నిప్పంటుకొని, కాగితపు నిలువలు, అనేక భాషల అక్షరములు, వ్రాతప్రతులు బూడిదయైనవి. అందు మన తెలుగు అక్షరములును కరగిపోయినవి. అయితే అక్షరములను పోతపోయుటకు ఆధారమైన ఉక్కు ముద్రలును, వానితో దిగ్గొట్టిన మాతృకలును చెక్కుచెదరక దొరకినవి. కరగి ముద్దయైన సీసమును ఏరి, ఆ మాతృకలలోనే మరల పోసి, కొలది కాలములోనే పని సాగించిరి. 1814లో ఆ మిషను పాదిరియైన కేరీ దొర తెలుగు వ్యాకరణము ఆ శ్రీరాంపురముననే అచ్చయినది. కాని కేరీ ఏండ్ల తరబడి కూర్చుచుండిన బహుభాషా నిఘంటువు వ్రాతప్రతికి రెండవ ప్రతి లేదు; అది కాలినది, మరల రానే లేదు. ఒకే రాత్రి, ఒకే మంట. నేటి కంప్యూటరువారు బ్యాకప్పు అని పిలుచు వస్తువును గూర్చి ఇంతకన్న స్పష్టమైన పాఠము నాకు కనబడదు. కంప్యూటరుకు ఎప్పుడును తగిలించియే యుంచిన డిస్కు బ్యాకప్పు కాదు. అది అదే గదిలోని మరియొక కాగితపు దొంతర, నిప్పు దానిని కూడ తినును. పని ముగిసిన వెంటనే తీగ ఊడదీసి, యజమాని ఇంటి బీరువాలో పెట్టిన డిస్కు, అది మాతృక.

చట్టము ఏమి చేయుచున్నది? ముద్రాపకుని బాధ్యుని చేయుట మన చట్టములకు క్రొత్త కాదు. 1867 నాటి చట్టము ప్రతి పుస్తకము మీద ముద్రాపకుని పేరును, అచ్చయిన చోటును ఉండవలెనని ఆజ్ఞాపించెను. ఎన్నికలలో కరపత్రము వేయవలెనన్న, ప్రజాప్రాతినిధ్య చట్టపు 127ఏ సెక్షను ప్రకారము, వేయించువాడు తానెవరో తెలుపు ప్రకటనపై తనను ఎరిగిన ఇద్దరిచే సంతకములు చేయించి రెండు ప్రతులు ముద్రాపకునికి ఇచ్చుకొనవలెను. ఇన్ని కట్టుబాట్లును అచ్చుకూటమునుండి బయటికి పోవు కాగితమునకే. లోపలికి వచ్చు కాగితమును గూర్చి నూటయాభై యేండ్లు ఎవరును అడుగలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఆ మాట ఎత్తినది: పని తీరిన పిదప సమాచారమును తుడిచివేయవలెను, తాను పని అప్పగించినవాని చేతను తుడిపింపవలెను. భద్రత వహింపనివారికి రూ. 250 కోట్ల వరకు జరిమానా కలదు. చూడబోయిన ఇది డిస్ట్రిబ్యూషనునే శాసనము చేయుట. కాని భారము పని అప్పగించిన సంస్థ మీదనే ప్రధానముగా నున్నది గనుక, ఆ సంస్థ కాంట్రాక్టు కాగితములో ఒక వాక్యము చేర్చి చేతులు దులుపుకొనుటకు తావు మిగిలినది. ఇసెటో కథలోను అట్టి వాక్యము ఉండెను.

నా అభిప్రాయములో మన రాష్ట్రమున అన్నిటికంటె ప్రమాదకరమైన సాఫ్టువేరు టెండరులోని ఎల్-1 అను నియమము. ఓటరు జాబితాలు, హాలుటికెట్లు, పన్ను నోటీసులు మొదలగువాని ముద్రణకు కాగితపు బరువు, సిరా నాణ్యత, గడువు, ధర అన్నిటిని వర్ణించి, తక్కువకు పాడినవానికి పని యిచ్చుచున్నాము. ఫైలు ఎన్నాళ్లు ఉంచుదువు, ఎవరి యెదుట తుడుతువు అని అడుగుట లేదు. తుడుచుటకు ఒక మనిషి, దానిని చూచుటకు మరియొక మనిషి కావలెను. వారి జీతము కోట్ చేసిన ముద్రాపకుడు ఎల్-2 అగును, ఇంటికి పోవును. జాగ్రత్తపరుని శిక్షించి, అజాగ్రత్తపరునికి పని యిచ్చి, ఆ తరువాత విచారణ సంఘము వేయుట మనకు ఆచారమైనది. టెండరు తెరచుటకు ముందే ఈ రెండు ప్రశ్నలకు సమాధానము రానివానిని ప్రక్కకు పెట్టి, మిగిలినవారిలోనే ధర పోల్చవలెను. మార్కులిచ్చు అమెరికా కంపెనీల జాబితా అవసరమైన తరువాత చూడవచ్చును.

చిన్న ప్రెస్సువారు నాతో వాదించుదురని తెలియును. పోయినేడు వేసిన కార్డు డిజైను కావలెనని గిరాకీ అడుగును, లేదన్న ప్రక్క ప్రెస్సుకు పోవును; అన్నియు తుడిచివేయుమన్న మా నోటిలో మన్ను కొట్టుటయే గదా అందురు. వారు చెప్పునది సగము న్యాయము. శుభలేఖ రహస్యము కాదు, ఊరంతయు పంచుటకే వేయింతుము. దాని డిజైను, ప్రెస్సు పేరు, బిల్లుపుస్తకపు చట్రము ఇవన్నియు స్టాండింగు మాటరు, త్రాడుకట్టి నిక్షేపముగా ఉంచుకొనవచ్చును. ఆధారు, పాసుపుస్తకము, మెమో, సంతకము చేసిన అఫిడవిట్టు ఇవి మాత్రము ఫారము. సాయంకాలము షట్టరు దించుటకు ముందే విప్పవలెను. వాట్సాపులో వచ్చినవానిని ఫోనులోనుండి గూడ తీయవలెను. ఖతుల మాటకు వచ్చిన, మండలి, రామభద్ర, సూరన్న వంటి యూనికోడు ఖతులు గూగుల్ భాండారమున ఉచితముగా దొరకుచున్నవి. పాత పని కొరకు పాత కంప్యూటరును ఇంటర్నెట్టు తీగ పీకి ప్రక్కన పెట్టుకొనినను నష్టములేదు. అప్పటికిని ఏదేని జరిగి, ఖాతాలో డబ్బు పోయినచో, సిగ్గుపడక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయుటయే మేలు. ఆలస్యమైన కొలదియు డబ్బు చేతులు మారుచునే యుండును.

వారము తిరిగిన పిదప పత్రికల కట్ట కొరకు నేను మరల తూప్రాను పోయితిని. మూడువందల పత్రికలు, అంచున బంగారు గీత, ఎక్కడను ఒత్తు ఎగురలేదు, కుర్రవాడు పనివాడే. డబ్బు ఇచ్చిన తరువాత నా ఆధారును తీసివేయుమని అడిగితిని. అతడు ఒక మీట నొక్కి, "పోయింది సార్" అనెను. రీసైకిల్ బిన్ను తెరువుమంటిని. అందులో నా కార్డుతో పాటు, ఎన్నేండ్లనుండియో తీసివేసితిమని అనుకొనుచున్న ఊరివారి ఫైళ్లన్నియు, తెర దిగువకు జార్చిన కొలదియు తరుగక వచ్చుచునే యున్నవి. కుర్రవాడు ఒక క్షణము చూచి, "ఇవన్ని గూడ తీసెయ్యాల్నా సార్?" అని అడిగెను. తీసివేయుమంటిని. ఆ తొట్టి ఖాళీయగుటకు నాలుగు నిమిషములు పట్టినది.